దుమ్ము కాదు

మూతి మీద తెల్లగా కనిపిస్తే
క్వారీ దుమ్మనుకున్నా.
చీమకుర్తిలో దేనిమీద లేదు గనక దుమ్ము?
టీ గ్లాసు అంచున, కరివేపాకు రెబ్బన,
పెళ్లి ఫొటోలో రత్నమ్మ నవ్వు మీద.
తువ్వాలు తడిపి తుడిచా.
తుడిచిన చోట ఇంకా తెల్లగా తేలింది.

మినుముకి మూడేళ్లు నిండలేదు.
అప్పుడే నెరిసిపోయింది.

నూనె రాసిన మినప గింజలా ఉందని
ఆ పేరు పెట్టింది రత్నమ్మే.
ఎండలో పడుకుంటే దాని వీపు మీద
మేం కోసే నల్లరాతిలో లాగా
బంగారు చుక్కలు మెరిసేవి.
ఇప్పుడు నిమిరితే
గుప్పెడు వెంట్రుకలు అరచేతిలో మిగులుతాయి.
తోక మొదట్లో గోనెపట్ట చిరిగినట్టు బోడి మచ్చ.
ముందరి కుడికాలు నాకి నాకి
గోరింట పెట్టినట్టు ఎర్రబడింది.

గజ్జి అన్నాడు పక్కింటి ఖాదర్‌బాషా.
వేపాకు నూరి పూశాం. నాకేసింది.
కొబ్బరినూనెలో గంధకం కలిపి రాయబోయాం.
ఆ వాసన తగలగానే మంచం కింద దూరి
రెండు రోజులు బయటికి రాలేదు.
అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది.

పశువులాసుపత్రిలో డాక్టరమ్మ
చర్మం గీకి గాజుపలక మీద పెట్టి చూసింది.
పురుగు లేదు, గోమార్లు లేవు.
"తింటోందా?"
వాసన చూసి పక్కకి పోద్ది.
"నిద్రో?"
నిద్ర రాకపోయినా ఊరికే ఆవలిస్తా ఉంటది.
"దేనికైనా బెదురుతోందా?"
ఒంటిగంటకి, అన్నా.
"ఒంటిగంటకి ఏముంది?"
నేను, అన్నా.

బెజ్జాల్లో మందు కూరేది నేను.
తీగలు కలిపేది నేను.
మూడుసార్లు సైరన్ కూశాక, ఎర్రజెండా చూసి
మీట నొక్కేది ఈ బొటనవేలే.
క్వారీకీ మా ఇంటికీ మధ్య
ఒక జామాయిల్ తోట, రెండు ఖాళీ ప్లాట్లు, అంతే.
పద్దెనిమిదేళ్లలో నా చేతిమీద
ఒక్క రాయి దారి తప్పలేదు,
ఒక్క మనిషికి గీత పడలేదు.
అన్నీ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టా.
మినుము వీపు ఏ రిజిస్టర్లోనూ లేదు.

ఆమె పెన్నుకి మూత పెట్టింది.
"భయానికి పోయే దారి లేకపోతే
తోల్లోంచి పోతుంది, మాలకొండయ్యా."
తర్వాత మళ్లీ మూత తీసి ఏదో నూనె రాసింది.
వేళకి తిండి పెట్టమంది, సందకాడ నడిపించమంది.
ఒంటిగంటకి దాని పక్కన ఎవరన్నా ఉండాలంది.
ఎవరుంటారు?
రత్నమ్మ పాలిషింగ్ ఫ్యాక్టరీలో.
నేను ఆ చివర, మీట దగ్గర.

చొక్కా షెడ్డులోనే విడిచి
బోరు కింద ఒళ్లు రుద్దుకుని వస్తన్నా.
అయినా గుమ్మంలో
తోక ఊపబోయి, మధ్యలో ఆపి,
కళ్లు పక్కకి తిప్పి, తెల్లగుడ్డు కనబడేలా
నా చేతులకేసే చూస్తాది.

మొన్న తుఫానుకి గుంతలు నిండి
వారం రోజులు పని ఆగింది.
నాలుగోనాడు గిన్నె ఖాళీ చేసింది.
బోడి మచ్చ మీద వేలు పెడితే
కొత్త నూగు తగిలినట్టే ఉంది,
నా ఆశేమో, చెప్పలేను.

ఆరోనాడు నేలమీద చాప వేసుకుని పడుకున్నా.
ఒంటిగంట కావస్తంది.
సైరన్ లేదు, జెండా లేదు, చూరు నీళ్లొకటే చప్పుడు.
మినుము లేచింది. ఒళ్లు విదిలించింది.
మంచం కిందికి పోయి వణకడం మొదలుపెట్టింది.
గమ్మునుండు, ఏం లేదే, అనబోయి
నా చెయ్యి చూసుకున్నా.
బొటనవేలు దానంతటదే
చాప మీద అదిమిపెట్టి ఉంది,
గోరు తెల్లబడేంత గట్టిగా.

చాప జరుపుకుని మంచం దగ్గరికి పోయా.
అది రాలేదు. లోపలికీ పోలేదు.
ఒంటిగంట దాటింది.
ఏమీ పేలలేదు.
ఇద్దరం ఇంకాసేపు అట్టాగే ఉన్నాం,
నమ్మకం కుదరక.